గడప లోపలి బూట్లు

బూట్లకు అంటిన బురదను తడిగా ఉండగా కడగకూడదని లోవమ్మ చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు. ముప్ఫై మూడేళ్ళు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎవరేం చెప్పినా ముందు సందేహించి, తరువాత పరీక్షించి చూడడం వృత్తి వల్ల అబ్బిన గుణం. నిడదవోలులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న హైస్కూల్లో ఆమె ఆయా. నేను శనివారాలు అక్కడి పిల్లలతో చిన్న చిన్న ప్రయోగాలు చేయించడానికి వెళుతుంటాను. ఆ స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఉంది. వాళ్ళ బూట్లు చూసుకొమ్మని లోవమ్మకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళ క్రితం ఒక దాత పదమూడు జతలు ఇచ్చాడు. మొదటి వర్షాకాలంలోనే రెండు జతలు బూజు పట్టి పాడయ్యాయి. మిగిలిన పదకొండింటినీ ఆమె తన చేతుల్లోకి తీసుకుంది.

నేను పరీక్ష పెట్టాను. ఒకే జతలో ఎడమ బూటును ఆట ముగియగానే కుళాయి కింద కడిగాను. కుడి బూటును ఆమెకు వదిలాను. నా బూటు మీద బంకమట్టి పలచబడి, కుట్లలోకీ లేసుల కన్నాల్లోకీ చేరి అక్కడే నిలిచిపోయింది. ఆమె తన బూటును మెట్టు అంచున రెండుసార్లు కొట్టి, నీడలో సగం పూట వదిలేసి, ఆ తరువాత కొబ్బరి పీచుతో రుద్దింది. మట్టి పెంకులు పెంకులుగా రాలిపోయింది.

"ఆరేటప్పుడు బంకమట్టి కుంచించుకుపోతుంది లోవమ్మగారూ. అందుకే పట్టు వదులుతుంది," అని కారణం వివరించాను.

"ఆయ్, వదులుద్దండి," అందామె. "అదే కదండీ నేను చెప్పింది."

అప్పటినుంచి నేను ఆమె పని చూడడం కోసమే అరగంట ముందు వెళ్ళేవాణ్ణి. పీచుతో రుద్దాక, అడుగున ఉండే గుబ్బల మధ్య ఇరుక్కున్న మట్టిని సైకిలు పుల్లతో తీస్తుంది. కుట్ల దగ్గర పాత పళ్ళ బ్రష్షు. నీళ్ళలో బూటును ఎప్పుడూ ముంచదు. తడిపి పిండిన గుడ్డతో తుడుస్తుందంతే. లేసులు, లోపల పాదం కింద ఉండే అట్ట తీసి విడిగా ఆరవేస్తుంది. తరువాత పాత న్యూస్‌పేపర్లు ఉండ చుట్టి లోపల కూరుతుంది, గంటకోసారి మారుస్తుంది. చివరికి పాత మేజోళ్ళలో పొడి ఊక నింపి కట్టిన సంచులను కాలి ఆకారంలో లోపలికి దూర్చి నీడలో, గాలిలో ఉంచుతుంది. బూటు ఆకారం చెడదు. ఊక సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఆయా పనిలో చేరకముందు ఆమె పద్దెనిమిదేళ్ళు రైసుమిల్లు కళ్ళంలో పని చేసింది. తేమ కొలిచే మిషను వచ్చేదాకా ఆ మిల్లులో ధాన్యం ఎండిందో లేదో చెప్పింది ఆమే. రాశిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఒక గింజ కొరికి చెప్పేదట. మిషను వచ్చాక కూడా మిల్లు యజమాని వెంకటరాజుగారు మిషను చూసి, ఆ తరువాత లోవమ్మ మొహం చూసేవారని విన్నాను.

జట్టులో దుర్గాశ్రీ వెనక వరుసలో ఆడుతుంది. పదో తరగతి. సమిశ్రగూడెం నుంచి సైకిలు మీద వస్తుంది. మాట తక్కువ. మిగతా పిల్లలందరివీ చిన్న పాదాలు. ఆమె ఒక్కదానికే ఏడో నంబరు కావాలి. ఏడో నంబరు జత ఒక్కటే ఉంది. దసరా సెలవులు అయ్యే లోపల, సోమవారం నాడు, కాకినాడలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. మా స్కూలు నుంచి పిలుపు వచ్చింది ఆమె ఒక్కదానికే.

సెలవుల్లో వానలు పడతాయని లోవమ్మ పదకొండు జతలనూ స్కూలు వెనక ఉన్న తన ఒంటిగది ఇంటికి చేర్చుకుంది. గురువారం ఆయుధ పూజ. ప్రసాదానికి రమ్మంటే నేనూ, ఆటల మాస్టారు పల్లంరాజూ వెళ్ళాము. దుర్గాశ్రీ అప్పటికే అక్కడ ఉంది. దేవుడి పటాల కింద చాప పరచి, బూట్లన్నీ వరసగా పేర్చి, ముందు దీపం పెట్టింది.

"చెప్పులకి పసుపూ కుంకుమా ఏంటి లోవమ్మా, ఊళ్ళో వింటే నవ్వుతారు," అన్నాడు పల్లంరాజు పులిహోర నములుతూ.

"చెప్పులైతే గుమ్మం బయట ఉంటాయి కదండి. ఇయ్యి పనిముట్లు. పొద్దున్న మీ బండి చేత నిమ్మకాయలు తొక్కించి వచ్చేరు కదా, ఆ టైర్లు ఎక్కడెక్కడ తిరిగేయో నేనడిగేనా?"

పల్లంరాజు సహాయం కోసం నావైపు చూశాడు. నేను పులిహోర మీద దృష్టి నిలిపాను. అయినా నా గుణం ఊరుకోలేదు. "కుంకుమ పెడితే అవతలివాళ్ళ గోలు ఆగుతుందంటారా లోవమ్మగారూ?" అని అడిగాను.

"ఆపాల్సింది దుర్గ పాపండి. కుంకుమెందుకు ఆపుద్ది?"

ఏడో నంబరు బూటు చేతిలోకి తీసుకొని చూశాను. తోలు మీద ఎక్కడా బొట్టు లేదు. తిరగేస్తే అడుగున, ప్లాస్టిక్ గుబ్బల మధ్య, చిన్న చుక్క కనిపించింది.

"తోలుకి పెడితే మరక పోదండి. ఓసారి పెట్టి చూసేను," అంది లోవమ్మ.

అలా తిరగేసినప్పుడే కుడి బూటు ముందు కొస దగ్గర అడుగు భాగం కొద్దిగా నోరు తెరిచి ఉండడం చూశాను. గోరు దూరేంత సందు. లోవమ్మ కూడా అది చూసి బెంగ పడుతోంది. కుట్టిద్దామని పల్లంరాజు అన్నాడు. కుడితే ప్రతి సూది కన్నమూ నీటికి దారి అవుతుందని, సరైన జిగురుతో అంటిస్తే చాలని నేను చెప్పాను. ఒక్క రోజుకు బూట్లు ఇమ్మని అడిగాను. ఆమె వాటిని వెంటనే ఇవ్వలేదు. ఒకసారి పటాల వైపు, ఒకసారి దుర్గాశ్రీ వైపు చూసి, ఆఖరికి గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చింది.

"ఎండలో పెట్టకండి మేష్టారూ. తడి తగలనివ్వకండి."

"నాకు తెలియదా లోవమ్మగారూ," అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పని చేశాను. ముందుగా వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద రెండు బూట్లనూ తూచాను. అవసరమేమీ లేదు, అలవాటు. కుడిది రెండువందల అరవైరెండు గ్రాములు. పాత జిగురు గీకి, రెండు వైపులా కొత్తది పలచగా రాసి, కాస్త ఆరనిచ్చి, అదిమి, గట్టి దారంతో చుట్టాను. పూర్తిగా పట్టడానికి ఇరవైనాలుగు గంటలు కావాలని డబ్బా మీద ఉంది. చేతులు కడుక్కొని, బూట్లను తీసుకెళ్ళి వీధి వరండా మెట్టు మీద పెట్టాను.

ఎందుకు పెట్టానో తరువాత చాలాసార్లు ఆలోచించాను. జిగురు వాసన ఇంట్లో నిండకూడదని పెట్టానని చెప్పుకోవచ్చు. కాని అదే జిగురుతో కుర్చీ కాలు అంటించినప్పుడు దాన్ని హాల్లోనే ఉంచాను. అసలు సంగతి ఏమిటంటే, నేను ఆలోచించలేదు. కాలికి తొడుక్కునేది ఏదైనా గుమ్మం బయటే వదలాలని నా చేతులకు పుట్టినప్పటినుంచీ తెలుసు. చేతులు తమకు తెలిసిన పని చేశాయి.

శనివారం తెల్లవారకముందే వాన దిగింది. సముద్రంలో వాయుగుండం ఉందని ముందు రోజు వార్తల్లో విన్నాను. విని, కిటికీలు మూసి పడుకున్నాను. ఆరింటికి తలుపు తీసేసరికి సన్‌షేడ్ అంచు నుంచి ధారగా పడుతున్న నీరు సరిగ్గా రెండు బూట్లలోకీ పడి, నిండి, పొర్లుతోంది. దారం వదులైంది. కుడి బూటు కొస ఇప్పుడు వేలు దూరేంతగా తెరుచుకొని ఉంది.

నా భార్య లక్ష్మీనరసమ్మ వెనకే వచ్చి చూసింది. "నేనేం అనలేదండి, బయట పెట్టమని," అంది. గొడుగు తెచ్చి ఇస్తూ, "దేవుడు లేడని నలభై ఏళ్ళుగా చెబుతున్నారు. గడప మాత్రం ఉందన్న మాట," అంది.

బూట్లను సంచిలో పెట్టుకొని గొడుగు వేసుకొని లోవమ్మ ఇంటికి నడిచాను. దుర్గాశ్రీ అప్పటికే వచ్చి ఉంది. వానైనా సరే పొద్దున్నే స్కూలు మైదానంలో పరుగు తీసే అలవాటు. నేను సంచి విప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇద్దరూ విన్నారు.

"బయట పెట్టేరాండీ?" అని లోవమ్మ ఒక్క ప్రశ్న అడిగింది.

"పెట్టాను."

దుర్గాశ్రీ బూటు అందుకొని కొసను వేలితో తాకింది. "సోమవారం ఎనిమిదింటికండి మేష్టారూ," అంది. ఆ మాటలో నింద లేదు. గంటలు లెక్కపెట్టుకుంటోంది.

వెంటనే రాజమండ్రి వెళ్ళి కొత్త జత తెస్తానన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "కొత్తవాటితో ఆడలేనండి. పోయినేడు ఓ అక్క కొత్తవి వేసుకొచ్చి ఇరవై నిమిషాలకే మడమలు బొబ్బలెక్కి కూర్చుండిపోయింది. ఆ అక్కకి మళ్ళీ పిలుపు రాలేదు."

"అయితే హెయిర్ డ్రయ్యర్ తెస్తాను. మా ఇంట్లో ఉంది," అన్నాను.

"వేడి పెడితే తోలు బిరుసెక్కుద్దండి," అంది లోవమ్మ బూట్లలోని నీళ్ళు ఒంపుతూ. "పట్టున్న చోట కూడా ఊడుద్ది. తమరికి తెలవదేంటి?"

తెలుసు. జిగుళ్ళు వేడికి మెత్తబడతాయని నేను ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను. అపరాధ భావం మనిషికి తెలిసినదాన్ని కూడా మరపిస్తుంది.

ఆ తరువాత రెండు రోజులు నేను చూసినది నా వృత్తి జీవితంలో చూసిన ఏ ప్రయోగానికీ తీసిపోదు. లోవమ్మ లేసులు, అట్టలు తీసి తాడు మీద వేసింది. బూట్లను పాత తుండుగుడ్డలో చుట్టి, పిండకుండా, అరచేతులతో అదిమింది. కాగితాలు కూరింది. పావుగంటకు తీసి మళ్ళీ పొడివి కూరింది. బూట్లను దేవుడి పటాల కిందే పెట్టింది. ఆ చోటుకు ప్రత్యేకత ఏమైనా ఉందా అని అడిగాను.

"ఫ్యాను గాలి తిన్నగా తగిలేది అక్కడేనండి," అంది.

కరెంటు పోయినప్పుడల్లా దుర్గాశ్రీ పరీక్ష అట్టతో విసిరింది. నేనూ ఆ అమ్మాయీ వంతులు వేసుకున్నాం. నేను ఇంటి నుంచి త్రాసు తెచ్చాను. కుడి బూటు మొదటిసారి తూచినప్పుడు మూడువందల ఎనభై ఉన్నది మధ్యాహ్నానికి మూడువందల ఇరవైకి, సాయంత్రానికి రెండువందల తొంభైకి దిగింది. నేను గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. మొదట నిటారుగా దిగి, తరువాత వాలు తగ్గుతూ వచ్చిన ఆ వక్రరేఖ ఏ పాఠ్యపుస్తకంలోనైనా అచ్చువేయదగినది. లోవమ్మ దాన్ని మర్యాదకు ఒకసారి చూసి, మేజోళ్ళలో కొత్త ఊక నింపడంలో పడింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి త్రాసు మీద అంకె రెండువందల అరవైరెండు. శుక్రవారం తూచిన బరువే. నాకు కలిగిన ఊరట చెప్పలేను.

"ఆరిపోయింది. అంటించేద్దాం," అని జిగురు డబ్బా మూత తీశాను.

లోవమ్మ బూటు తీసుకొని, కొస లోపలికి నాలుగు వేళ్ళు దూర్చి కళ్ళు మూసుకుంది. బయటికి తీసి వేళ్ళ కొసలు పెదవికి ఆనించుకుంది. "లేదండి. ఇంకా ఉంది. కొసలోనే ఉంది."

"త్రాసు చెబుతోంది కదా లోవమ్మగారూ. ఒక్క గ్రాము తేడా లేదు."

"మీ త్రాసు ఏం చెప్పుద్దో నాకు తెలవదండి. ఇప్పుడు అంటిస్తే పట్టదు. మీ ఇష్టం."

"మేష్టారు లెక్క కట్టేరు కదా ఆయమ్మా," అంది దుర్గాశ్రీ. ఆమె గొంతులో తొందర ఉంది. ఇప్పుడు అంటించకపోతే జిగురు పట్టడానికి సమయం చాలదని ఆ అమ్మాయికి తెలుసు. నాకూ తెలుసు. బూటు లోవమ్మ చేతిలోనే ఉంది. ఆమె వాదించలేదు, ఇవ్వనూ లేదు.

నేను బ్రష్షు పట్టుకొని నిలబడ్డాను. ఆమె భుజం మీదుగా తాడు కనిపిస్తోంది. తాడు మీద లేసులు. లేసుల పక్కన రెండు అట్టలు. శుక్రవారం నేను తూచినప్పుడు ఆ లేసూ, ఆ అట్టా బూటుకే ఉన్నాయి.

తాడు మీద నుంచి కుడి బూటు లేసూ, అట్టా తీసి త్రాసు మీద పెట్టాను. పద్దెనిమిది గ్రాములు. అంటే అవి లేకుండా బూటు పొడి బరువు రెండువందల నలభైనాలుగు. ఇప్పుడున్నది రెండువందల అరవైరెండు. పద్దెనిమిది గ్రాముల నీరు ఇంకా తోలులోనే ఉంది. త్రాసు అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని తప్పు ప్రశ్న అడిగాను.

"పద్దెనిమిది గ్రాములు ఉందండి లోవమ్మగారూ," అన్నాను డబ్బా మూత పెట్టేస్తూ.

"అంతుంటదండి," అంది ఆమె. గెలిచిన ఛాయ ఏదీ ఆ మొహంలో లేదు. ఊక సంచిని కొసకు బాగా తగిలేలా దూర్చి బూటును ఫ్యాను కిందికి తిప్పి పెట్టింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె వేళ్ళు తీసి, "ఇప్పుడండి," అంది. నేను అడగకుండానే బూటును త్రాసు మీద పెట్టింది. రెండువందల నలభైఅయిదు. వేళ్ళకూ త్రాసుకూ మధ్య ఒక్క గ్రాము. ఆ ఒక్క గ్రామూ ఎవరి పొరపాటో నేను పందెం కాయను.

జిగురు పని నాది. ఈసారి తొందరపడలేదు. పాతది గీకి, గరుకు కాగితంతో రుద్ది, పలచగా రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అదిమాను. దారం చుట్టబోతే లోవమ్మ ఆపింది. పాత సైకిలు ట్యూబును వేలెడు వెడల్పున పట్టీలుగా కోసి ఉంచింది. దాన్ని సాగదీసి, కొస నుంచి మధ్య దాకా చుట్టు మీద చుట్టు వేసింది. దారం ఒక గీత మీదే అదుముతుంది. సాగిన రబ్బరు అన్ని వైపులా సమానంగా అదుముతుంది. ఇది నాకు ముందే తోచి ఉండవలసింది. ఇరవైనాలుగు గంటలు లేవు, ఉన్నవి పద్దెనిమిది. ఆ పట్టీల మీదే నమ్మకం పెట్టాము.

సోమవారం తొలి బస్సుకు నలుగురం కాకినాడ వెళ్ళాము: పల్లంరాజు, దుర్గాశ్రీ, లోవమ్మ, నేను. బూట్లు లోవమ్మ ఒడిలో ఉన్నాయి. మైదానం దగ్గర ఆమె పట్టీలు విప్పి, కొసను బొటనవేలితో నొక్కి, దుర్గాశ్రీకి అందించింది. అదృష్టం కోసం దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను. "లేసు అడుగు నుంచి బిగించుకో," అని మాత్రం చెప్పింది.

మూడు రోజుల వానకు నేల మెత్తబడి ఉంది. నేను ఆట చూశానని చెప్పలేను. కుడి బూటు కొసను చూశాను. కుంకుమ చుక్క మొదటి పది నిమిషాల్లోనే బురదలో కలిసి ఉంటుంది. ఇక మిగిలింది జిగురు, ఆ జిగురు కింది తోలు, తోలులో నీరు లేకపోవడం. రెండో సగంలో ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె అందరినీ దాటుకొని గోలు ముందుకు వచ్చేసింది. దుర్గాశ్రీ పక్క నుంచి జారుతూ వచ్చి కాలు చాచింది. బంతికి తగిలింది కుడి బూటు కొస. బంతి గోలుకు దూరంగా, పక్క గీత దాటి బయటికి పోయింది. వెంటనే ఆ అమ్మాయి బూటు గుబ్బలు దుర్గాశ్రీ పాదం మీద దిగాయి. లోవమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. దుర్గాశ్రీ లేచి, కొసను ఒకసారి చూసుకొని, నేల మీద రెండుసార్లు తట్టి పరుగెత్తింది.

మధ్యాహ్నం రెండింటికి పద్దెనిమిది పేర్లు చదివారు. పదునాలుగోది దుర్గాశ్రీది. పల్లంరాజు ఫోను తీసి ఎవరెవరికో చెప్పుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. ఆ అమ్మాయి గట్టు మీద కూర్చొని బూట్లు విప్పి, అడుగూ అడుగూ కలిపి కొట్టి మట్టి దులిపి, అట్టలు బయటికి తీసింది. లోవమ్మ చెప్పకుండానే ఆమె సంచిలోంచి కాగితాలు అందుకొని ఉండలు చుట్టసాగింది. లోవమ్మ కుడి బూటు తీసుకొని కొసలో గోరు దూరుతుందేమో చూసింది. దూరలేదు. నాకు ఇచ్చి నన్నూ చూడమంది.

నిడదవోలులో దిగేసరికి పొద్దు వాలుతోంది. మళ్ళీ మబ్బు కమ్మింది. మా వీధి మలుపు దగ్గర లోవమ్మ ఆగి గుడ్డ సంచి నా చేతికి ఇచ్చింది.

"ఈ పూట మీ దగ్గర ఉంచండి మేష్టారూ. కొస ఇంకో రోజు కదలకుండా ఉంటే మంచిదండి. మట్టి ఆరాక నేనొచ్చి తీస్తాను."

"నా దగ్గరా?" అన్నాను.

"మీరే కదండీ అంటించింది. మీకు కాక ఎవరికి తెలుస్తది?"

ఇంటికి వచ్చి, నా చెప్పులు మెట్టు మీద వదిలి, సంచితో లోపలికి నడిచాను. హాల్లో పుస్తకాల బీరువా పక్కన ఫ్యాను గాలి తిన్నగా ఎక్కడ తగులుతుందో చేయి చాచి చూస్తున్నాను. లక్ష్మీనరసమ్మ వంటింట్లోంచి వచ్చి సంచి వైపు, నా వైపు చూసింది. నిన్నటి పేపరు తెచ్చి నేల మీద పరిచింది.

"ఇటు జరపండి," అంది. "అక్కడ కిటికీ లోంచి జల్లు పడుద్ది."